చెయ్యి ఎత్తకుండా రాయి: లూరియా చూసిన జసేత్‌స్కీ కేసు

స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్లతో, బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలినవాళ్లతో రోజూ పనిచేస్తాను నేను. మా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకి మొదటి వారంలోనే ఒక కేసు చెప్తాను. అది నా కేసు కాదు, మన దేశంలో జరిగింది కూడా కాదు. 1943లో సోవియట్ యూనియన్‌లో, ఉరల్ కొండల దగ్గర ఒక మిలిటరీ ఆసుపత్రిలో మొదలై దాదాపు 30 ఏళ్లు నడిచిన కేసు. చూసినాయన అలెగ్జాండర్ రొమనొవిచ్ లూరియా, ఇవాళ మనం న్యూరోసైకాలజీ అంటున్న, మెదడుకీ మనసు చేసే పనులకీ ఉన్న సంబంధాన్ని చూసే శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు. ఎప్పుడూ నోటితో చెప్పి వదిలేస్తున్నాను, ఈసారి కేస్ షీట్ రాసినట్టే మొదటి నుంచి చివరిదాకా రాసి పెట్టాలనిపించింది. మధ్యలో నా పేషెంట్ల ముచ్చట్లు, తెలుగు ముచ్చట్లు కూడా వస్తాయి, ఎందుకంటే ఈ కేసు చదివాకే నేను తెలుగులో పరీక్షలు ఎలా పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టాను.

పేషెంటు

పేరు జసేత్‌స్కీ. వయసు 23. సైన్యంలో జూనియర్ ఆఫీసరు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి నలుగురు పిల్లల్ని కష్టపడి పెంచింది. చదువులో ఎప్పుడూ ముందుండేవాడు, పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుతూ ఉండగా యుద్ధం వచ్చి పడింది. 1943 మార్చి 2న, స్మొలెన్‌స్క్ వైపు, గడ్డకట్టిన వోర్యా నది దాటి జర్మన్ల మీదికి దాడికి వెళ్తుంటే తలలో తూటా దిగింది.

దెబ్బ తగిలిన చోటు ఎడమ వైపు, తల వెనక భాగం. అంటే మెదడులో పెరైటల్ (నడినెత్తి వెనక వైపు), ఆక్సిపిటల్ (తల వెనక కొస) అనే భాగాలు, లోబ్‌లు, కలిసే ప్రాంతం. చాలాసేపు కోమాలో ఉన్నాడు. ఫీల్డ్ హాస్పిటల్లో వెంటనే వైద్యం అందింది గానీ ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, వచ్చింది, మెదడు దాని మీద ఉండే పొరలకి అతుక్కుపోయింది, గాయం మానిన చోట మచ్చలాగా గట్టిపడిన కణజాలం ఎడమ వెంట్రికిల్‌ని, అంటే మెదడు లోపల ద్రవం ఉండే ఖాళీని, పైకి లాగేసింది. ఇప్పుడైతే స్కాన్ తీసి చూస్తాం. అప్పుడు స్కాన్లు లేవు. లోపల ఏం జరిగిందో పేషెంటు ఏం చేయగలుగుతున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు అనేదాన్ని బట్టే ఊహించాలి. లూరియా గొప్పతనం సగం ఇక్కడే ఉంది, స్కాన్లు లేని రోజుల్లో ఆయన పరీక్షే స్కాను.

ఆ ఆసుపత్రిలో ఒక సైకాలజిస్టు ఎందుకున్నాడు

1902లో కజాన్‌లో పుట్టాడు లూరియా. తండ్రి పేరున్న వైద్యుడు, తల్లి దంతవైద్యురాలు. కొడుకు మాత్రం సైకాలజీలో పడ్డాడు. ఇరవై ఏళ్ల వయసులో కజాన్‌లో ఒక సైకోఅనాలిసిస్ సంఘం పెట్టి ఫ్రాయిడ్‌కి ఉత్తరం రాస్తే ఆయన జవాబు కూడా ఇచ్చాడు. 1923లో మాస్కో వచ్చాడు. మరుసటి ఏడాది జనవరిలో ఒక మహాసభలో గోమెల్ నుంచి వచ్చిన టీచరు ఒకాయన మాట్లాడుతుంటే విని, ఈయన్ని ఎలాగైనా మాస్కో రప్పించాలని పట్టుబట్టాడు. ఆ టీచరు లెవ్ వైగోట్‌స్కీ, తర్వాత సైకాలజీలో పెద్ద పేరైనాయన. వాళ్లిద్దరూ, తోడుగా అలెక్సేయ్ లియోంతియెవ్ అనే ఇంకో సైకాలజిస్టు, ముగ్గురూ కలిసి పనిచేశారు.

వైగోట్‌స్కీ దగ్గర లూరియా నేర్చుకున్నదాంట్లో ఈ కేసుకి కావలసింది ఒకటుంది. మనిషి బుద్ధి పుర్రె లోపలే పూర్తిగా తయారైనది కాదు, అది బయటి వస్తువుల్నీ గుర్తుల్నీ మాటల్నీ ఆసరా చేసుకుని పనిచేస్తుంది. మరచిపోకుండా కొంగుకి ముడి వేసుకుంటాం కదా, ఆ ముడి కూడా జ్ఞాపకంలో భాగమే. దీన్ని వాళ్లు పేషెంట్ల మీద కూడా చూశారు. పార్కిన్సన్స్ ఉన్న మనిషి నున్నటి నేల మీద రెండడుగులు వేయలేడు, అదే మెట్లు ఎక్కమంటే ఎక్కుతాడు. నేల మీద వరసగా కాగితం ముక్కలు పరిచి ఒక్కోదాన్నీ దాటమంటే గదికి ఆ చివర దాకా నడిచి వెళ్లిపోయాడు. కాళ్లు పాడవలేదు, నడవాలన్న కోరిక కూడా పాడవలేదు, మధ్యలో తనంతట తాను నడిచే దారి మూసుకుపోయింది, కాగితాలు ఇంకో దారి తెరిచాయి. మా ఫిజియోథెరపిస్టులు నేల మీద రంగు టేపులు అతికిస్తుంటే చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

1931, 32లలో ఉజ్బెకిస్తాన్ పల్లెలకి వెళ్లి, చదువు రానివాళ్లూ అప్పుడే చదువు నేర్చుకుంటున్నవాళ్లూ ఎలా ఆలోచిస్తున్నారో చూశాడు. అది జాతుల్ని కించపరిచే పని అని విమర్శలు వచ్చాయి, ఆ ఫలితాలు పుస్తకంగా రావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. 1934లో వైగోట్‌స్కీ క్షయతో 37 ఏళ్లకే చనిపోయాడు. 1936లో పిల్లల మనస్తత్వాన్ని పరీక్షలతో కొలిచే పెడాలజీ అనే శాఖనే పార్టీ నిషేధించింది. వాతావరణం అలా ఉన్నప్పుడు లూరియా ఒక పని చేశాడు, వెళ్లి మెడికల్ కాలేజీలో మామూలు విద్యార్థిగా కూర్చున్నాడు. అప్పటికే ప్రొఫెసరు, అమెరికాలో పుస్తకం అచ్చయిన మనిషి, ముప్ఫై దాటాక కుర్రాళ్ల పక్కన కూర్చుని అనాటమీ చదివి 1937లో పట్టా తీసుకుని, మాస్కోలో బుర్దెంకో న్యూరోసర్జరీ ఇన్‌స్టిట్యూట్‌లో జూనియర్ డాక్టరుగా చేరాడు. ఈ విషయం మా ట్రైనీలకి తప్పకుండా చెప్తాను. కొందరు భయపడి చేసిన పని అంటారు. కావచ్చు, కానీ ఏ కారణంతో వెళ్లినా ఆయన అక్కడ నేర్చుకున్నది నిజంగా నేర్చుకున్నాడు.

1941లో యుద్ధం మొదలవగానే ఉరల్స్‌లో, చెల్యాబిన్‌స్క్ దగ్గర కిసెగాచ్ అనే చోట ఉన్న శానిటోరియంని తలకి దెబ్బ తగిలిన సైనికుల కోసం 400 పడకల ఆసుపత్రిగా మార్చే పని ఆయనకి అప్పగించారు. మధ్యలో ఆపేసిన పనులు ఎక్కువ గుర్తుంటాయని చూపించిన బ్లూమా జైగార్నిక్ లాంటి సైకాలజిస్టులు కూడా అక్కడ పనిచేశారు. సర్జన్లు తూటాలు తీసి ప్రాణం నిలబెట్టి పంపిస్తున్నారు, ఆ తర్వాత ఆ మనిషి ఎలా బతకాలి అన్నది వీళ్ల పని.

మొదటి పరీక్ష

గాయమై మూడు నెలలయ్యాక, 1943 మే నెలాఖరులో లూరియా జసేత్‌స్కీని మొదటిసారి చూశాడు. ఇంకా కుర్రాడిలాగే ఉన్నాడట, అయోమయంగా నవ్వుతూ, తల కొద్దిగా ఒక పక్కకి వంచి చూస్తున్నాడు. ఆ తల వంచడం దగ్గరే పరీక్ష మొదలైపోయింది. కుడివైపు చూపు లేదు, అందుకని ఉన్న చూపుతో ఎదుటి మనిషి కనపడేలా సర్దుకుంటున్నాడు. ట్రైనీలు ఫైల్ తెరవకముందే పేషెంటు కుర్చీలో ఎలా కూర్చున్నాడో చూడమని నేను అందుకే పోరుతాను.

చదవమంటే అక్షరాలు ఏంటో తెలియలేదు. పేరు రాయమంటే పెన్సిల్ ఎటు పట్టుకోవాలో తెలియక తడబడ్డాడు. కుడి చెయ్యి ఎత్తమంటే, "కుడి... కుడి... ఎడమ..." అనుకుంటూ ఆగిపోయాడు. లెక్కలు పోయాయి. యుద్ధం గురించి చెప్పమంటే ముక్కలు ముక్కలుగా మాటలు వచ్చాయి, ఒక్కో మాట కోసం గింజుకున్నాడు. నెలలు వరసగా చెప్పమంటే మాత్రం గడగడా చెప్పేశాడు! సెప్టెంబరుకు ముందు ఏ నెల అని అడిగితే చెప్పలేకపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. చాలామంది పరీక్షకులు "నెలలు: సరి, వెనక్కి చెప్పడం: తప్పు" అని రెండు గుర్తులు పెట్టి ముందుకి పోతారు. లూరియాకి అసలు పని అక్కడే మొదలైంది. వరస అంటే నాలుకకి అలవాటైన పాట లాంటిది, ఒకదాని వెనక ఒకటి దానంతట అదే వస్తుంది. "సెప్టెంబరుకు ముందు" అనగానే రెండు నెలల్ని మనసులో పక్కపక్కన పెట్టి, ఏది ఎటు ఉందో ఒకేసారి చూడాలి. మొదటిది మిగిలింది, రెండోది పోయింది. పైగా మన తెలుగులో "ముందు" అనే మాట ఇంకా తిరకాసు. "ముందు చెప్పాను" అంటే గడిచిపోయింది, "ముందు ముందు చూద్దాం" అంటే రాబోయేది, "ఇంటి ముందు" అంటే చోటు. మాట ఒక్కటే, అది ఎటు చూపిస్తోందో పక్క మాటల్తో కలిపి చూస్తే గానీ తెలియదు. మామూలు మనుషులకి ఇది క్షణంలో అయిపోతుంది కాబట్టి అందులో అంత పని ఉందని మనకి తెలియదు. పెరైటల్ దెబ్బ తగిలిన మా పేషెంటు ఒకరు ఈ ఒక్క మాట దగ్గరే ప్రతిసారీ ఆగి నా మొహంలోకి చూసేవారు.

లూరియా ఇంకా ముందుకెళ్లి వాక్యాలు పరీక్షించాడు. "తండ్రి సోదరుడు", "సోదరుడి తండ్రి". ఈ రెండు ఒకటేనా వేరా? జసేత్‌స్కీకి తండ్రి తెలుసు, సోదరుడు తెలుసు, రెండు మాటలూ కలిపితే మూడో మనిషి ఎవరో తెలియలేదు. "వృత్తం కింద త్రిభుజం గీయి" అంటే వృత్తం, త్రిభుజం రెండూ గీయగలడు, ఏది పైన ఏది కింద అన్నది అంతు పట్టదు. ఏనుగు, ఈగ ఏంటో తెలుసు, వాటిలో ఏది పెద్దదో కూడా తెలుసు, "ఏనుగు కంటే ఈగ పెద్దదా, ఈగ కంటే ఏనుగు పెద్దదా" అని అడిగితే ఆ వాక్యాల మధ్య గంటలు గంటలు తిరిగేవాడు.

దీన్ని తెలుగులోకి తెచ్చుకుందామని కూర్చున్నప్పుడు నాకు మొదట తగిలిన చిక్కు బాబాయి. "మీ నాన్న తమ్ముడు మీకేమవుతాడు" అంటే మన పేషెంటు వెంటనే బాబాయి అంటాడు, ఎందుకంటే "నాన్న తమ్ముడు" మన చెవికి ఒకే మాట లాగా అలవాటైపోయింది. వ్యాకరణం విప్పి చెప్పలేదు, అరువు తెచ్చుకున్న మాటతో బయటపడ్డాడు. అదే "మీ తమ్ముడి నాన్న ఎవరు" అంటే తెలిసిపోతుంది, ఇబ్బంది ఉన్నవాళ్లు అప్పుడు కూడా బాబాయి అనే అంటారు. ఏనుగు, ఈగలతో కూడా అంతే, వాక్యం అర్థం కాకపోయినా లోకజ్ఞానంతో గట్టెక్కేయొచ్చు. అందుకని "రాము కంటే సోము పొడుగు, పొట్టి ఎవరు" అని అడుగుతాను, రాము సోములు ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి వాక్యం తప్ప ఇంకో ఆసరా ఉండదు.

కుడి ఎడమల సంగతి కూడా. "కుడి చెయ్యి ఎత్తండి" అంటే తికమక పడేవాళ్లని "అన్నం తినే చెయ్యి ఎత్తండి" అని అడిగి చూడండి. కొందరు టక్కున ఎత్తుతారు. అలా ఎత్తారంటే చెయ్యి తెలుసు, పని తెలుసు, పోయిందల్లా కుడి అనే దిక్కు. ఆ ఒక్క తేడా తెలిస్తే రేపటి నుంచి ఆయనకి బట్టలు వేసుకోవడం ఏ మాటలతో నేర్పాలో తెలిసిపోతుంది.

జసేత్‌స్కీ లోకం ఎలా ఉండేది

ఈ భాగం లూరియా ఒక్కడే రాసి ఉంటే మనకి తెలిసేది కాదు. జసేత్‌స్కీ తనే రాసుకున్నాడు కాబట్టి తెలిసింది.

చూపు మసకబారడం కాదు జరిగింది, ముక్కలైంది. ఏ వస్తువైనా కుడి సగం ఉండదు, ఉన్న ఎడమ సగం కూడా నిలకడగా ఉండదు, మిణుకు మిణుకుమంటూ మాయమవుతుంది. చెంచా చూస్తే దాని కొస ఒక్కటే కనపడేది, మిగతా చెంచా ఏమైందో తెలిసేది కాదు, సూప్‌లో చెంచా మాయమైపోతే భయపడేవాడు. ముగ్గులో చుక్కలు కనపడుతున్నాయి గానీ ముగ్గు కనపడటం లేదు అన్నట్టు. ఒళ్లు కూడా అలాగే. ఉన్నట్టుండి తల బల్లంత పెద్దదైపోయి కాళ్లూ చేతులూ మొండెం చిన్నవైపోయినట్టు అనిపించేది, కుడి కాలు భుజం పైన ఎక్కడో ఉన్నట్టు తోచేది. ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో చెప్పమంటే వెతుక్కునేవాడు.

ఇంటికి పంపాక ఊరు గుర్తు పట్టలేకపోయాడు. పుట్టి పెరిగిన ఊళ్లో, ఇంటికి నాలుగడుగుల దూరంలో దారి తప్పేవాడు. కట్టెలు కొడదామంటే గొడ్డలి పక్కకి పడేది. తల్లికి, అక్కచెల్లెళ్లకి చేతిసాయం చేద్దామంటే కొట్టంలోంచి ఫలానా తెమ్మన్నది అక్కడికి వెళ్లేసరికి మరచిపోయేవాడు. ఇంట్లోవాళ్లు చెప్పుకునే మాటలు వినేవాడు, ఒక్కో మాట అర్థమయ్యేది, అందులోకి వెళ్లేలోపు వాళ్లు ఇంకెక్కడికో వెళ్లిపోయేవాళ్లు. ఇవన్నీ ఆయన కోపంతో కాదు, చాలా ఓర్పుగా, సిగ్గుపడుతూ రాశాడు. చదివిన ప్రతిసారీ నాకు మా వార్డు బయట బెంచీ మీద కూర్చునే కుటుంబాలు గుర్తొస్తాయి. "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదమ్మా, కావాలనే చెయ్యట్లేదేమో" అంటారు వాళ్లు. కావాలని కాదండీ అని చెప్పడానికి నా దగ్గర జసేత్‌స్కీ కంటే మంచి సాక్షి లేడు.

ఏం తెగింది, ఏం మిగిలింది

లూరియా మెదడుని మూడు భాగాలుగా, ఆయన మాటల్లో మూడు బ్లాకులుగా చూశాడు. ఈ పథకం పూర్తి రూపంలో తర్వాతి పుస్తకాల్లో వచ్చింది గానీ దాని బీజాలు ఈ యుద్ధకాలపు పేషెంట్లలో ఉన్నాయి. మొదటిది మెలకువని, చురుకుని నిలబెట్టేది, అడుగున, మెదడు వెన్నుపాముతో కలిసే బ్రెయిన్‌స్టెమ్ దగ్గర నుంచి ఉంటుంది. రెండోది తల వెనక సగం, చూసినదీ విన్నదీ తాకినదీ తీసుకుని, కలిపి, దాచేది. మూడోది ముందు భాగం, ఫ్రంటల్ లోబ్‌లు, ఏం చెయ్యాలో నిర్ణయించి, చేయించి, సరిగ్గా అయిందో లేదో సరిచూసుకునేది.

తూటా పడింది రెండో బ్లాకులో, అందులోనూ చూపు, స్పర్శ, వినికిడి వచ్చి కలుసుకునే కూడలిలో. చూపు విడిగా, స్పర్శ విడిగా వస్తున్నాయి, వాటిని ఒకే బొమ్మగా కుట్టే దారం తెగింది. చెంచాని, ఒంటిని, ఊరి దారిని, నెలల మధ్య సంబంధాన్ని, "తమ్ముడి నాన్న"ని, తీసివేత లెక్కని, అన్నిటినీ ఒక్క దెబ్బే ఎలా చెడగొట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. ఆరు రోగాలు లేవు, ఒకే ఒక్క మూలం ఉంది. దీన్ని లూరియా సిండ్రోమ్ విశ్లేషణ అన్నాడు. విడివిడి లక్షణాల పట్టీ రాయడం కాదు, అన్నిటి వెనక ఉన్న ఒక్క లోపాన్ని పట్టుకోవాలి, అది పట్టుకుంటే ఏవి పాడై ఉండాలో, ఏవి బాగుండాలో కూడా ముందే చెప్పగలగాలి.

ముందు భాగం చెక్కుచెదరలేదు. ఇది ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. తనకి ఏం పోయిందో జసేత్‌స్కీకి పూర్తిగా తెలుసు. బాగుపడాలని గట్టిగా అనుకున్నాడు, పని మొదలుపెట్టి వదలకుండా పట్టుకోగలిగాడు, తప్పు రాస్తే తప్పని తెలుసుకోగలిగాడు. ఫ్రంటల్ దెబ్బ తగిలిన పేషెంట్లు దీనికి పూర్తిగా ఎదురు, వాళ్లు చూడగలరు, మాట్లాడగలరు, లెక్క కూడా చెప్పగలరు, కానీ తమకేదో అయిందన్న దిగులే ఉండదు, చెప్పిన పని మధ్యలో వదిలేసి కిటికీ వైపు చూస్తూ ఉండిపోతారు. పైకి ఎవరిది పెద్ద నష్టమో చెప్పడం కష్టం. రిహాబిలిటేషన్ చేసేవాళ్లకి మాత్రం తెలుసు, రెండోవాళ్లతో పని ఎంత కష్టమో.

వైద్యం

చనిపోయిన కణాలు తిరిగి రావు. ఇది లూరియా దాచిపెట్టలేదు. ఆయన నమ్మింది ఇంకోటి. ఏ పనైనా మెదడులో ఒక్క చోట కూర్చుని ఉండదు, చాలా చోట్ల నుంచి కొక్కేలు కలిసిన గొలుసు అది. దీనికి ఆయన ఇచ్చే ఉదాహరణ ఊపిరి. డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) పనిచేయకపోతే పక్కటెముకల మధ్య కండరాలు అందుకుంటాయి, అవీ పోతే గొంతుతో గాలిని మింగినట్టు లోపలికి తీసుకుంటాడు మనిషి. గాలి ఊపిరితిత్తుల్లోకి చేరడం అన్న గురి మారదు, దారులు మారతాయి. కాబట్టి తెగిన కొక్కెం ఏదో కనిపెట్టి, దాన్ని తప్పించి గొలుసుని వేరే రకంగా కట్టాలి.

చదువు మళ్లీ అక్షరాల దగ్గర నుంచి మొదలైంది. ఆసుపత్రిలో టీచరు చిన్నపిల్లలకి నేర్పినట్టే నేర్పింది. అక్షరం ఆకారం గుర్తుండేది కాదు కాబట్టి తెలిసిన మాటలకి ముడిపెట్టుకున్నాడు, ఇది నా ఇంటిపేరులో మొదటి అక్షరం, ఇలా. అక్షరం గుర్తు రానప్పుడు వరసగా అక్షరమాల చదువుకుంటూ కావలసిన అక్షరం వచ్చేదాకా వెళ్లేవాడు. నెలల విషయంలో చూశాం కదా, వరస మిగిలి ఉంది, దాన్నే నిచ్చెన చేసుకున్నాడు. చదవడం వచ్చింది కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, మాట చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతూ, ఎప్పటికీ నత్తనడకే. మన గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపిలో ఈ దెబ్బ ఇంకోలా బయటపడుతుంది, అక్షరం గుర్తు పట్టినా దాని తల మీద ఉన్నది గుడా దీర్ఘమా, కింద ఉన్న ఒత్తు దేనిదో తేలదు, ఎందుకంటే పైనా కిందా పక్కనా అన్న చోట్ల లెక్కే కదా పోయింది.

రాయడం కూడా మొదట ఇలాగే సాగింది. ఒక్కో అక్షరం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని, అది దొరక్క, పెన్సిల్ పట్టుకుని అలా కూర్చునేవాడు. ఒకరోజు డాక్టరు వచ్చి, అక్షరాల గురించి ఆలోచించొద్దు, కాగితం మీంచి చెయ్యి ఎత్తకుండా మాట మొత్తం ఒక్క ఊపున రాసెయ్ అన్నాడు. రాయమన్న మాట "క్రోవ్", రష్యన్‌లో రక్తం. జసేత్‌స్కీ ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగి, పెన్సిల్ తీసుకుని రాసేశాడు. రాసినదాన్ని తనే చదవలేకపోయాడు! కానీ అది సరిగ్గానే ఉంది.

ఎందుకు వచ్చింది? చదువుకున్న పెద్దవాళ్లకి రాత అక్షరం అక్షరంగా ఉండదు. చిన్నప్పుడు దిద్దీ దిద్దీ చివరికి అది చేతి కదలికల రాగంలా అయిపోతుంది, లూరియా దాన్ని కదలిక రాగం అనే అర్థంలోనే పిలిచాడు. ఆ రాగం ఉండేది ముందు వైపు, కదలికల్ని కూర్చే ప్రాంతాల్లో. అది తూటాకి దూరం. అక్షరం రూపం మనసులో చూడాల్సి వస్తే వెనక భాగం కావాలి, అదే పోయింది. కాబట్టి "చూసి రాయడం" అనే దారి మూసేసి "చెయ్యి తెలిసినట్టు రాయడం" అనే దారి తెరిచారు. ఒక్క వాక్యంలో చెప్పిన సూచన అది, కానీ దాని వెనక ఆ పరీక్షంతా ఉంది, రాత అనే పనిలో ఏ కొక్కేలు ఉన్నాయో ఒక్కోటీ విడదీసి చూసిన పరీక్ష.

తెలుగులో ఇది నేరుగా కుదరదు. రష్యన్లు రాసేది గొలుసుకట్టు, కలం ఎత్తకుండా పోతుంది. మనది విడి అక్షరాల రాత, ఒక్కో అక్షరానికీ కలం ఎత్తాల్సిందే, తలకట్టు పెట్టడానికి మళ్లీ వెనక్కి రావాల్సిందే. దానికి బదులు నాకు దొరికింది సంతకం. పేరు రాయమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయిన ఒక పెద్దాయన, బ్యాంకు కాగితం అనుకుని ఇక్కడ సంతకం పెట్టండి అంటే కళ్లు చెదిరేలా చకచకా పెట్టేశారు. ఆ సంతకం నుంచే మొదలుపెట్టాం, దాన్ని కొంచెం నెమ్మదిగా, తర్వాత ఇంకొంచెం విడదీసి. ఆరు వారాలకి ఇంట్లోవాళ్ల పేర్లు రాయగలిగారు. అందరికీ ఇలా అవుతుందని చెప్పను, ఇద్దరు ముగ్గురిలో అసలు కదలలేదు కూడా.

తర్వాతి ముప్ఫై ఏళ్లు

రాత దొరికాక జసేత్‌స్కీ ఆపలేదు. తన కథ తనే రాయాలని కూర్చున్నాడు. ఒక్కో రోజంతా కూర్చుంటే అర పేజీ అయ్యేది. ముందు కావలసిన మాటలు ఒక్కోటీ వెతికి విడి కాగితం మీద పోగేసుకునేవాడు, తర్వాత వాటిని వాక్యం చేయాలి, ఆ వాక్యం సరిగ్గా ఉందో లేదో పుస్తకాల్లో, పేపర్లలో వాక్యాల పక్కన పెట్టి చూసుకోవాలి, అప్పుడు అసలు నోటు పుస్తకంలో ఎక్కించాలి, ఈలోపు నిన్న ఏం రాశాడో మరచిపోయేవాడు, మరచిపోయినది చదువుకుందామంటే చదవలేడు. అలా దాదాపు 25 ఏళ్లలో 3000 పేజీలు. మొదట దానికి పెట్టిన పేరు మెదడుకి తగిలిన భయంకరమైన గాయం గురించి, తర్వాత మార్చి "మళ్లీ పోరాడతాను" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు.

లూరియాకి ఈ మధ్యలో ఆయన కష్టాలు ఆయనకున్నాయి. యుద్ధం అయ్యాక అఫేజియా, అంటే మెదడు దెబ్బతో మాట పోవడం, మీద పెద్ద పుస్తకం 1947లో, మెదడు పనుల్ని తిరిగి నిలబెట్టడం మీద ఇంకోటి 1948లో వచ్చాయి. 1950లో రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త పావ్లోవ్ పేరుతో శాస్త్రాన్నంతా ఒకే మూసలోకి నెట్టిన సమావేశం జరిగాక బుర్దెంకో ఇన్‌స్టిట్యూట్‌లో పని పోయింది. మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలతో పనిచేసే డిఫెక్టాలజీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాడు, అక్కడ కూడా పిల్లలు మాట సాయంతో తమ చేతుల్ని తాము ఎలా అదుపు చేసుకుంటారో పరిశోధించాడు. 1950ల చివర్లో గానీ న్యూరోసర్జరీకి తిరిగి రాలేదు. 1962లో పెద్ద గ్రంథం, 1973లో మెదడు పనితీరు మీద అందరికీ అర్థమయ్యే పుస్తకం. జసేత్‌స్కీతో సంబంధం మాత్రం ఇన్నేళ్లలోనూ తెగలేదు, మళ్లీ మళ్లీ పరీక్షించాడు, మాట్లాడాడు, ఆయన రాతలు చదివాడు. 1971లో ఇద్దరి మాటలూ కలిపి పుస్తకం వేశాడు, దాని రష్యన్ పేరుకి అర్థం పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న లోకం అని. అందులో ఎక్కువ భాగం పేషెంటు గొంతే, డాక్టరు మధ్యమధ్యలో వచ్చి మెదడు గురించి ఒక మాట చెప్పి తప్పుకుంటాడు. దానికి మూడేళ్ల ముందు, ఏదీ మరచిపోలేని షెరెషెవ్‌స్కీ అనే మనిషి గురించి కూడా ఇలాగే రాశాడు. ఈ రకం రచనని లూరియా రొమాంటిక్ సైన్స్ అన్నాడు, న్యూరాలజిస్టూ రచయితా అయిన ఆలివర్ శాక్స్ లాంటివాళ్లు ఆ దారి పట్టారు.

ఈ కేసు నివేదికలో నాకు లోటనిపించేవి కూడా ఉన్నాయి. ఏ ఏడాది ఏ పరీక్షలో ఎంత మెరుగయ్యాడో వరసగా కొలిచి చూపించిన పట్టిక ఆ పుస్తకంలో లేదు, ఇవాళ అలా రాస్తే ఏ జర్నల్ వేసుకోదు. తల్లి, అక్కచెల్లెళ్లు ఎలా మోశారో వాళ్ల మాటల్లో లేదు. పేషెంటు పట్టుదల మీద వెలుతురు అంతా పడటంతో, అంత పట్టుదల లేనివాళ్ల సంగతేంటి అన్న ప్రశ్నకి చోటు దొరకలేదు. కుటుంబాలకి ఈ కథ చెప్పేటప్పుడు నేను ఒక జాగ్రత్త తీసుకుంటాను, "ఆయన అంత చేశాడు, మీవాడు ఎందుకు చేయట్లేదు" అనే వైపుకి మాట పోకుండా చూస్తాను. పట్టుదల కూడా మెదడులో ఒక భాగం చేసే పనే, ఆ భాగం బాగుంది కాబట్టి ఆయన చేయగలిగాడు.

ముగింపు స్థితి

పుస్తకం వచ్చేనాటికి కుడి చూపు తిరిగి రాలేదు. "తండ్రి సోదరుడు" లాంటి వాక్యాల దగ్గర తడబాటు తగ్గలేదు. చదవడం కూడబలుక్కునే దగ్గరే ఉంది. వీధిలో దారి తప్పడం, ఒళ్లు మారిపోయినట్టు అనిపించడం అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఉద్యోగం లేదు, ఊళ్లో ఇంటివాళ్లతోనే ఉంటున్నాడు. ఉదయాన్నే బల్ల దగ్గర కూర్చుని, మాటలు పోగేసిన కాగితం ముక్కలు ముందు పెట్టుకుని, చెయ్యి ఎత్తకుండా రాస్తున్నాడు. లూరియా 1977 ఆగస్టు 14న మాస్కోలో చనిపోయాడు.